నెల్లూరు, ఒంగోలు వాళ్లకు ఒక ప్రశ్న: 'మై ప్లేట్' గురించి మీ ఇంట్లో ఎవరికైనా తెలుసా?

కావలి కోడలు: మా మామగారికి షుగర్ అని తేలింది. డాక్టరు గారు అన్నం తగ్గించమన్నారు, ఎంత అన్నది చెప్పలేదు. వెతికితే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కనిపించాయి. మొత్తం 17 సూచనలు. రోజుకు ఏది ఎంత తినాలో అందులో చూపించిన పట్టికే ఈ 'మై ప్లేట్'. మా వీధిలో ఒక్కరికీ తెలియదు. మీలో ఎవరైనా పాటిస్తున్నారా?

ఒంగోలు మాస్టారు: పేరు విన్నాను, అంతే. మా పిల్లలు విటమిన్ల పేర్లు గడగడా చెప్తారు. పొద్దున ఏం తిన్నావురా అంటే అన్నం, పచ్చడి.

నెల్లూరు నాని: ఆరు నెలలుగా ప్రయత్నిస్తున్నామండీ. 2000 కేలరీల లెక్కన మనిషికి రోజుకు బియ్యం, గోధుమలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. అది వండకముందు తూకం. పప్పులు 85 గ్రాములు, అందులో కొంతకు బదులు గుడ్డో చేపో తినొచ్చు. ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, పాలు 300 మి.లీ.

మా అమ్మ బియ్యం కొలిచే స్టీలు గ్లాసును కాటా మీద పెట్టి చూశాను. నిండా పోస్తే 210 గ్రాములు. నలుగురికి మధ్యాహ్నం నాలుగు గ్లాసులు, రాత్రి మూడు. ఇడ్లీ పిండి కలపకుండానే మనిషికి 370 దాకా తేలింది! "అన్నం తూచి పెట్టే ఇల్లు ఎక్కడైనా ఉందా నాయనా" అని అమ్మ బాధపడింది. ఇక చేపల పులుసు చేసిన రోజు ఆ ఏడు గ్లాసులూ చాలవు.

కందుకూరు రాణి: నూనె సంగతి నేను చెప్తా. మనిషికి రోజుకు 27 గ్రాములంటే నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. స్పూన్లతో కొలవడం నా వల్ల కాలేదు, ఖాళీ ప్యాకెట్లు దాచి నెలాఖరుకు లెక్కపెట్టా. ఆరు లీటర్లు! ఆవకాయలో పోసింది వేరే. ఉప్పు కూడా అంతే, రోజుకు 5 గ్రాములు దాటకూడదంటారు, ఊరగాయ, అప్పడాల్లోది కలుపుకొని.

అంగన్‌వాడీ అక్క: సెప్టెంబరు పోషణ మాసంలో మేం చెప్తూనే ఉంటాం. అయినా ఒకమ్మాయి నాలుగు నెలలు ఐరన్ మాత్రలు వేసుకున్నా రక్తం పెరగలేదు. ఇంటికి వెళ్తే తెలిసింది, అన్నం తినగానే మాత్ర, వెంటనే టీ. టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని ఆ సూచనల్లోనే ఉంది. ఈ ఒక్క ముక్క ఊరూరా చెప్పాలి. కోడలమ్మా, ఆ కొలతలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు. మామగారికి ఎంతన్నది మళ్లీ డాక్టరునే అడుగు.

ఒంగోలు మాస్టారు: మనిషికి 400 గ్రాములంటే నలుగురికి రోజుకు కిలోన్నర పైనే కూరగాయలు. రేషన్‌లో బియ్యం వస్తాయి, బెండకాయలు రావు. కూలికి వెళ్లే ఇంట్లో ఇది ఎలా కుదురుతుంది? నాకు ఇదే బాధ.

అంగన్‌వాడీ అక్క: నిజమే మాస్టారూ. పూర్తిగా కుదరదు. పెరట్లో మునగచెట్టు, రెండు మళ్లు తోటకూర ఉన్న ఇళ్లలో కొంత నయం.

కావలి కోడలు: రేపే అడుగుతానక్కా. నాని గారూ, అమ్మగారిని ఎలా ఒప్పించారు?

నెల్లూరు నాని: ఒప్పించలేదండీ. సొరకాయ, గోరుచిక్కుడు రెండింతలు వండి, కంచంలో కూర ముందు పెట్టడం మొదలుపెట్టాం. రాత్రి అన్నం మిగులుతోందని అమ్మే ఒక గ్లాసు తగ్గించింది. 250కి ఇంకా రాలేదు.