మామా నటాలీతో పీపీహెచ్ డ్రిల్ ఎలా నడపాలి?

ప్రశ్న (నర్సింగ్ ట్యూటర్, ఒంగోలు)
జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) పిల్లలు ప్రసవానంతర రక్తస్రావం (పీపీహెచ్) స్టెప్పులన్నీ గడగడా అప్పజెప్తారండి, ట్యూటర్ ఒంటికి కట్టుకుని ప్రసవం నేర్పే మామా నటాలీ బొమ్మ ముందు మాత్రం చెయ్యి కదలదు. పోయిన రక్తాన్ని కూడా బాగా తక్కువగా చెప్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (లేబర్ రూమ్ సిస్టర్)
ముందు అంచనా నేర్పండి మేడమ్. ఎర్ర రంగు నీళ్లు 250, 500, 1000 మి.లీ. కొలిచి ప్యాడ్ల మీద, దుప్పటి మీద, బేసిన్‌లో విడివిడిగా పొయ్యండి. అంకె కాగితం మీద రాయించాకే అసలు కొలత చెప్పండి. గుడ్డ పీల్చేసిన రక్తమే కంటికి ఆనదు.

జవాబు (స్కిల్ ల్యాబ్ ట్యూటర్)
మామా నటాలీని కట్టుకునేది మీరే కాబట్టి నొప్పి, భయం మీ గొంతులో పలకాలి. బిడ్డ పుట్టగానే పొట్ట తడిమి రెండో బిడ్డ లేదని చూసి, నిమిషంలోపు గర్భసంచిని ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకి ఇవ్వాలి. చాలామంది గర్భసంచి గట్టిపడకముందే బొడ్డుతాడు లాగేస్తారు. రెండో చేత్తో పొత్తికడుపు మీద గర్భసంచిని పైకి ఆపి పట్టకపోతే అది తిరగబడొచ్చు. పిల్లలు గర్భసంచి మసాజ్ సరిగ్గా చేస్తేనే మీ చేత్తో బొమ్మ గర్భసంచిని గట్టిపరచండి, లేదంటే రక్తం పోనివ్వండి.

జవాబు (లేబర్ రూమ్ సిస్టర్)
ఇంకోటి, మందు పేరు చెప్పి ఊరుకోనివ్వొద్దు. ఆంప్యూల్ పగలగొట్టి సిరంజిలోకి తియ్యాలి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము నరంలోకి 10 నిమిషాలు పట్టేలా, ప్రసవమైన 3 గంటల్లోపే ఇవ్వాలి. మూత్రాశయం నిండి ఉంటే గర్భసంచి ముడుచుకోదు, క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) మరిచిపోయేది అక్కడే.