వ్యక్తమగునా, వ్యక్తీకృతమగునా?

ప్రశ్న: రోగనిరోధక కణాలపై ఎన్నడో చదివిన వ్యాసంలోని ఒక వాక్యం సగమే గుర్తుంది: “సంకేతము కేంద్రకమును చేరినంతనే ఐఎల్-2 జన్యువు…” (ఐఎల్-2 అంటే ఇంటర్‌ల్యూకిన్-2, టీ కణాల వృద్ధికి తోడ్పడే ప్రోటీను; జన్యువు వ్యక్తమగుట అంటే అది పనిచేసి తన ప్రోటీను తయారుకావడం.) ఆపైన ఉన్నది “వ్యక్తమగును” అనా, “వ్యక్తీకృతమగును” అనా? చదివినవారెవరైనా చెప్పగలరు.

మొదటి జవాబు: రెండవదే అయి ఉండాలి. ఆ ఈకారం సంస్కృతంలోని చ్వి ప్రత్యయం వల్ల వచ్చినది. అంతకుముందు అట్లు కానిది అట్లగుట దాని అర్థం. యాంటిజెన్‌ను, అంటే తాను గుర్తించవలసిన పదార్థాన్ని, ఇంకా ఎదుర్కోని టీ కణంలో (ఇదొక రకం తెల్ల రక్తకణం) ఐఎల్-2 జన్యువు దాదాపు మౌనంగానే ఉంటుంది. యాంటిజెన్ గ్రాహకానికి తగిలి, కణంలో కాల్షియం పెరిగి, కాల్సిన్యూరిన్ అనే ఎంజైము జన్యువును మేల్కొలిపే ఎన్‌ఫాట్ ప్రోటీను మీది ఫాస్ఫేట్లను తొలగించిన తర్వాతనే ఆ ఎన్‌ఫాట్ కేంద్రకంలోకి పోగలదు. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ అనే మందు అడ్డుకునేది సరిగ్గా ఈ మెట్టునే. ఇంత జరిగితే గాని రానిదానికి “వ్యక్తమగును” అన్న మాట చాలదు.

రెండవ జవాబు: అయ్యా, జన్యువు కొత్తగా పుట్టలేదు కదా. పోతన హరి అంతటా ఉన్నవాడే. గజేంద్రుడు మొర పెట్టాక కనబడ్డాడు. కనబడటాన్ని ఎవరో చేసిన పనిగా చెప్పడం నాకు రుచించదు. అసలు “వ్యక్తీకరణ” కన్నా “అభివ్యక్తి” మేలని నా మతం.

మూడవ జవాబు: చ్వి ప్రత్యయం జన్యువు కొత్తదని చెప్పదు, వ్యక్తత్వం కొత్తదని మాత్రమే చెబుతుంది. కనుక పేచీ ఈకారంతో కాదు, దాని పక్కనున్న ధాతువుతో. “కృ” (చేయు) అయితే కర్త కావాలి, “భూ” (అగు) అయితే “వ్యక్తీభవించును” అని సరిపోతుంది. పోతనను తెచ్చారు కనుక అంటున్నాను: ఆ హరి సిరికైనా చెప్పకుండా పరుగెత్తాడు, కాని ఎన్‌ఫాట్ అట్లా ఒంటరిగా వెళితే టీ కణం స్పందనారహిత స్థితిలోకి జారుతుంది. టీ కణం మీది సీడీ28 అనే ప్రోటీను ద్వారా వచ్చే సహసంకేతం వంటిది తోడై, ఫాస్, జున్ ప్రోటీన్లు కూడిన ఏపీ-1 డీఎన్ఏపై దాని పక్కన నిలిస్తేనే ఐఎల్-2 సరిగా వెలువడుతుంది. ఇక కర్త ఏకవచనమెట్లా అవుతుంది?

నాలుగవ జవాబు: నాకు “అంతనే” మీదే అనుమానం. ఫాస్ జన్యువు నిమిషాలలో మేల్కొంటుంది. ఆ ఫాస్ ప్రోటీను తయారై జున్‌తో జతకూడేదాకా ఐఎల్-2 వేచి ఉండవలసినదే. పైగా “అగును” అని ఊరుకుంటే ముగింపు ఏది? 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ బీ కణాలలో (ఇవీ తెల్ల రక్తకణాలే) గుర్తించిన, జన్యువులను పలికించే ఎన్ఎఫ్-కప్పాబీ ప్రోటీనును చూడండి. ఐకప్పాబీ అనే ప్రోటీను దానిని కేంద్రకం బయట పట్టి ఉంచుతుంది. సంకేతం వచ్చి ఆ పట్టు నశించగానే అది లోపలికి పోయి, ఇతర జన్యువులతో పాటు ఐకప్పాబీ-ఆల్ఫా జన్యువునూ పలికిస్తుంది. తనను బయటికి ఈడ్చేదానిని తానే పుట్టించే కర్తకు మన వ్యాకరణంలో పేరేమిటో పెద్దలు చెప్పాలి.

మొదటి జవాబిచ్చినవారు: “అంతనే”ను తప్పుపట్టనక్కరలేదు. వాక్యంలో ఉన్నది కణమును చేరినంతనే అని కాదు, కేంద్రకమును చేరినంతనే అని. ఏపీ-1 కూడా ఆ సంకేతంలో భాగమే అనుకుంటే, మీరు చెప్పిన ఆలస్యమంతా ఆ చేరికలోనే గడిచిపోతుంది. “కృ”నా, “భూ”నా అన్నదానికి మాత్రం అభివ్యక్తివాదిగారు ఇంకా బదులివ్వలేదు.