సైకిల్‌పై వచ్చే ఉద్యోగులకు వసతులు: అందరి డబ్బుతో కొందరికే మేలా?

వసతుల సంఘం:
మా కార్యాలయ వసతుల సంఘంలో నేనూ సభ్యురాలిని. పార్కింగ్‌లో రెండు కార్ల చోటు తీసేసి సైకిల్ స్టాండు, దాని పక్కనే రెండు స్నానాల గదులు కట్టాలని ప్రతిపాదన వచ్చింది. వచ్చేది పిడికెడు మందే, అంత ఖర్చు ఎందుకని సగం మంది అంటున్నారు. వసతి లేకపోబట్టే రావడం లేదని మిగతా సగం. మా ఇద్దరు ముగ్గురి మధ్య ఇది మాటామాటా పెరిగేదాకా వచ్చింది. మీరేమంటారు? దయచేసి కారణాలతో చెప్పండి.

పద్దు:
నేను వద్దంటాను. సైకిల్ మీద కోపంతో కాదు. బస్సులో నిలబడి వచ్చేవారికి కార్యాలయం ఏమిస్తోంది? నడిచి వచ్చేవారికి? దూరంగా ఉండేవారు, మోకాళ్ల నొప్పులవారు, పిల్లలను బడిలో దింపి వచ్చేవారు కావాలనుకున్నా సైకిల్ ఎక్కలేరు. వారందరి వాటా సొమ్ముతో కొందరికి స్నానాల గది కడతామంటే న్యాయంగా లేదు. పైగా వాడుక లేని స్నానాల గది ఏడాది తిరిగేసరికి పాత కుర్చీలు పెట్టుకునే గది అవుతుంది. ఇది చాలా చోట్ల చూశాను.

రెండు చక్రాలు:
పద్దు గారూ, న్యాయం గురించి మీరు అడిగింది సరైన ప్రశ్నే. కానీ దాన్ని కారు నుంచి మొదలుపెట్టాలి. కారు నిలిపే చోటుకు అద్దె, కాంక్రీటు, దీపాలు, కాపలా అన్నీ ఉంటాయి. ఆ ఖర్చు ఎవరి జీతం చీటీలోనూ కనిపించదు కాబట్టి అది ఉచితం అనుకుంటాం. బస్సులో వచ్చేవారి వాటా కూడా అందులో ఉంది. అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు దీని మీదే జీవితమంతా పనిచేశారు. కాలిఫోర్నియాలో 1992లో ఒక చట్టం వచ్చింది. ఉద్యోగుల కోసం పార్కింగ్ అద్దెకు తీసుకునే పెద్ద సంస్థలు, ఆ చోటు వద్దన్నవారికి దాని విలువను నగదుగా ఇవ్వజూపాలి. అలా ఇచ్చిన ఎనిమిది సంస్థలను షూప్ పరిశీలిస్తే, కారులో ఒంటరిగా వచ్చేవారు 17 శాతం తగ్గారు. ఆ నగదు సైకిల్‌వారికే కాదు, మీరు చెప్పిన బస్సువారికీ, నడిచేవారికీ అందుతుంది.

ఇక స్టాండు. ముందు చక్రం ఒక్కటే ఇరికించే కమ్మీల స్టాండు కట్టి చేతులు దులుపుకోవద్దు. అందులో సైకిల్ ఒరిగితే రిమ్ము వంకర పోతుంది. తాళం వేయాలన్నా ముందు చక్రానికే వేయగలం, దాన్ని విప్పి వదిలేసి మిగతా సైకిల్ ఎత్తుకుపోవడం దొంగకు పెద్ద పని కాదు. నేలలోకి దిగేసిన, తిరగేసిన యు ఆకారపు ఇనుప గొట్టం చాలు. ఫ్రేమునూ చక్రాన్నీ కలిపి దానికే తాళం వేయవచ్చు, రెండు వైపులా రెండు సైకిళ్లు ఆనుతాయి. గొట్టానికీ గొట్టానికీ మధ్య మీటరు ఎడం ఉండాలి. లేకపోతే హ్యాండిళ్లు చిక్కుకుంటాయి, జనం మళ్లీ మెట్ల కమ్మీలకే కట్టేస్తారు. ఒక కారు చోటులో పది సైకిళ్ల దాకా నిలుస్తాయి. నన్నడిగితే ముందు ఇది, పైన ఒక కప్పు. స్నానాల గది సంగతి తర్వాత.

భవన నిర్వహణ:
నేను భవనాలు చూసుకునే పనిలో ఉన్నాను. స్టాండు లేకపోతే సైకిళ్లు లేకుండా పోవు. మెట్ల కిందికి, వరండాల్లోకి వస్తాయి. మంటలు లేచిన రోజున జనం బయటపడాల్సిన దారి అదే. ఇప్పుడు బ్యాటరీ సైకిళ్లు వచ్చాక ఈ భయం రెట్టింపయింది. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం, విషపు పొగ. మెట్ల దగ్గరా, బయటికి పోయే దారిలోనూ ఛార్జింగ్ పెట్టనివ్వకూడదు. నిషేధించి ఊరుకుంటే బల్ల కింద దొంగచాటుగా పెడతారు కాబట్టి విడిగా ఒక చోటు మనమే చూపించాలి. కొన్ని చోట్ల చట్టమే జోక్యం చేసుకుంది. న్యూయార్క్ నగరంలో 2009 చట్టం ప్రకారం, సరుకుల లిఫ్టు ఉన్న కార్యాలయ భవనంలో అద్దెకున్న సంస్థ కోరితే సైకిళ్లను పైకి తీసుకెళ్లనివ్వాలి. దగ్గరలోనే భద్రమైన చోటు చూపించే యజమాని మినహాయింపు కోరవచ్చు.

తడి గొడుగు:
స్నానాల గది గురించి ఇంత వాదన జరుగుతోంది కానీ, రోజూ తొక్కి వచ్చే మమ్మల్ని ఒక్కరూ అడగరు. దగ్గర నుంచి వచ్చేవారికి స్నానం అక్కరలేదు. తలుపు గడియ పడే చిన్న గది, ఒక అద్దం, బట్టలు పెట్టుకునే అర, తడిసిన రెయిన్‌కోటు ఆరేసుకోవడానికి గాలి తగిలే చోటు, ఇవి కావాలి. సంచిలో చుట్టి పెట్టిన తడి కోటు సాయంత్రానికి ముక్కు మూసుకునేంత వాసన కొడుతుంది, దాన్నే మళ్లీ తొడుక్కుని ఇంటికి వెళ్లాలి. హాజరు యంత్రం ఇంకో బాధ. చెమట పట్టిన వేలిని అది గుర్తించదు. చున్నీకి తుడిచి పెట్టు, మళ్లీ తుడిచి పెట్టు, వెనక వరుస పెరుగుతుంది, ఈలోగా ఆలస్యం పడిపోతుంది. పావుగంట వెసులుబాటు ఇవ్వడానికి రూపాయి ఖర్చు లేదు. ఇంకో మాట. స్టాండును బేస్‌మెంట్ మూలన, దీపం లేని చోట కట్టకండి. రాత్రి షిఫ్టు దిగిన ఆడవాళ్లు ఒంటరిగా అక్కడికి వెళ్లరు.

పద్దు:
అర, గది, వెసులుబాటు, వీటికి నా అభ్యంతరం లేదు. నా భయం వేరు. ఆరోగ్యం పేరు చెప్పి రేపు సైకిల్ తొక్కినవారికి బహుమతులు, తొక్కనివారి మీద చూపులు మొదలవుతాయి.

రెండు చక్రాలు:
ఆ భయం నాకూ ఉంది. గ్లాస్గో పరిశోధకులు బ్రిటన్‌లో దాదాపు 2.6 లక్షల మంది సమాచారం చూసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. పనికి సైకిల్‌పై వెళ్లేవారిలో మరణ ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. అయితే అది పరిశీలన మాత్రమే, సైకిల్ వల్లనే తగ్గిందని నిరూపణ కాదు. మనిషి తనకు తాను నిర్ణయించుకోవడానికి అది పనికొస్తుంది. పై అధికారి ఆ అంకె పట్టుకుని ఒకరి శరీరం గురించి మాట్లాడడానికి పనికిరాదు. బహుమతులు, పోటీలు వద్దేవద్దు.

వెనుక గేటు:
ఇంతసేపూ చదివాను. పిడికెడు మందే వస్తారని మొదట్లో అన్నారు కదా, ఆ లెక్క ఎలా తీశారు? మా దగ్గర ఈమెయిల్‌లో ప్రశ్నపత్రం పంపి తీశారు. ఊడ్చేవారికి, క్యాంటీన్‌లో గిన్నెలు తోమేవారికి, తోటపనివారికి, రాత్రి కాపలావారికి కార్యాలయం ఈమెయిల్ ఉండదు. వారి సైకిళ్లు జనరేటర్ పక్కన గోడ వారగా ఉంటాయి. వానకు సీటు నానకుండా ప్లాస్టిక్ సంచి తొడిగి, గొలుసును నీళ్ల పైపుకు చుట్టి తాళం వేస్తారు. అందరికంటే ముందు వచ్చేదీ వాళ్లే. ముందు గేటులోంచి సైకిల్ తేనివ్వరు. బ్రిటన్‌లో 1999 నుంచి ఉద్యోగులకు సైకిల్ సమకూర్చే పథకం ఉంది, జీతంలో కోతతో నడుస్తుంది. కోత పోగా మిగిలేది కనీస వేతనానికి తగ్గకూడదు కాబట్టి, అంత జీతంలో ఉన్నవారికి అది అందదు. మన స్టాండు కూడా అలాగే తయారవుతుందా అని అడుగుతున్నాను.

పద్దు:
ఇది నా లెక్కను మారుస్తుంది. వాడుక లేదన్న వాదన స్టాండు విషయంలో ఇక నిలవదు. స్నానాల గదులకు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఒక్కటి కట్టి, వాడుక చూసి రెండోదాని మాట ఎత్తండి.

వసతుల సంఘం:
వెనుక గేటు గారూ, మా లెక్క కూడా ఈమెయిల్‌తో తీసిందే. ఈ ఉదయం మా భవనం వెనక్కి వెళ్లి చూశాను, మీరు చెప్పినట్టే ఉంది. యాజమాన్యాన్ని అడిగితే, వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, వసతులు ఆయన చూసుకోవాలి అన్నారు.

రెండు చక్రాలు:
జీతం కాంట్రాక్టరు ఇవ్వవచ్చు. గేటు, గోడ, కప్పు మీ సంస్థవి. ఎవరి సైకిల్ నీడలో నిలబడాలో నిర్ణయించేది మీ సంస్థే. ప్రతిపాదనలో రెండు వాక్యాలు చేర్చండి: స్టాండు భవనంలో పనిచేసే ప్రతి ఒక్కరిదీ, ముందు గేటు సైకిల్‌పై వచ్చే అందరికీ తెరిచి ఉంటుంది. లెక్క మళ్లీ తీయండి, తెల్లవారుజామున, వెనక గోడ దగ్గర నిలబడి. ఎన్ని గొట్టాలు పాతాలో అప్పుడు తేలుతుంది.