మా ల్యాంపు ఆకారాన్ని అచ్చుగుద్దినట్లు నకలు చేసి అమ్ముతున్నారు: ఫిర్యాదు ఏ హక్కు కింద పెట్టాలి?

వెలుగుబల్ల:
అందరికీ నమస్కారం. మధ్యాహ్నం నుంచి ఒక ఆన్‌లైన్ అమ్మకాల వేదిక వారి ఫిర్యాదు ఫారంతో కుస్తీ పడుతున్నాను. ఓపిక నశించి ఇక్కడ రాస్తున్నాను. మేము తయారు చేసే టేబుల్ ల్యాంపును ఒకరు ఉన్నదున్నట్లు నకలు చేసి, అదే వేదికలో మాకన్నా తక్కువ ధరకు అమ్ముతున్నారు. ఇవి దూరపు పోలికలు కావు. షేడ్ ముందువైపు ఏటవాలుగా కోసినట్లుండే అంచు, వెనుకవైపు వేడి పోవడానికి పెట్టిన ఏడు సన్నని చీలికలు, మెడ దగ్గరి చిన్న వంపు, చివరకు స్విచ్ ఉన్న చోటు కూడా అదే. ఫారంలో ‘మీ హక్కు ఏ రకానిది’ అని అడిగి పేటెంట్, కాపీరైట్, ట్రేడ్‌మార్క్, డిజైన్ అని నాలుగు గడులు ఇచ్చారు. పేటెంట్ అని పెడితే తిరస్కరించారు. డిజైన్ అని పెట్టి మా రిజిస్ట్రేషన్ నంబరు ఇస్తే ‘నంబరు సరిపోలడం లేదు’ అంటున్నారు. మాకు రిజిస్ట్రేషన్ ఉంది, రుసుము కట్టిన రసీదూ ఉంది. వస్తువు రూపాన్ని అసలు ఏ చట్టం కాపాడుతుంది? తెలిసినవారు సూటిగా చెప్పగలరు.

మితభాషి:
ఏ దేశం, ఏ రిజిస్ట్రేషన్, ఏ తేదీ? ఈ మూడూ తెలియకుండా ఎవరూ జవాబు చెప్పలేరు.

నామముద్ర:
నా అభిప్రాయంలో అందరూ చిన్నచూపు చూసే మార్గం ట్రేడ్‌మార్క్. డిజైన్ హక్కుకు కాలపరిమితి ఉంటుంది. ట్రేడ్‌మార్క్‌ను పునరుద్ధరించుకుంటూ పోతే అంతం లేదు. కోకాకోలా సీసా సంగతే చూడండి. ఆ నడుము వంపు సీసాకు అమెరికాలో 1915లో డిజైన్ పేటెంట్ వచ్చింది. ఆ రక్షణ ఏనాడో ముగిసిపోయింది. కానీ ఈలోగా చీకట్లో తడిమినా ఫలానా సీసా అని చెప్పగలిగేంత పేరు ఆ ఆకారానికి రావడంతో 1960లో సీసా రూపమే ట్రేడ్‌మార్క్‌గా నమోదైంది. మీ ల్యాంపును చూడగానే జనం మీ సంస్థను గుర్తుపడుతున్నారని రుజువు చేయగలిగితే మీరూ అదే దారిలో వెళ్లవచ్చు. అయితే ఆకారం సాంకేతిక ప్రయోజనానికి అవసరమైనది కాకూడదు. లెగో ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్క్‌గా ఉంచడానికి ఐరోపా న్యాయస్థానం 2010లో ఒప్పుకోకపోవడానికి కారణం అదే: పేటెంట్ గడువు తీరిన సాంకేతిక పరిష్కారాన్ని ట్రేడ్‌మార్క్ పేరుతో శాశ్వతంగా పట్టి ఉంచుకోనివ్వరు.

గీతలూ కొలతలూ:
హక్కు పేరు కన్నా ముందు అడగవలసింది దరఖాస్తులో ఏ బొమ్మలు ఇచ్చారన్నది. డిజైన్ రిజిస్ట్రేషన్‌లో బొమ్మే హక్కుపత్రం. మాటలతో ఎంత రాసినా బొమ్మలో లేనిది హక్కులోకి రాదు, బొమ్మలో ఉన్నది హక్కులోంచి పోదు. పిల్లలు ఎక్కి తిరిగే ట్రంకీ సూట్‌కేసు వివాదంలో బ్రిటన్ సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన తీర్పును ఈ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరూ చదవాలి. వారు కేవలం గీతల బొమ్మలు ఇచ్చి ఉంటే ఆకారం మొత్తానికి రక్షణ అడిగినట్లయ్యేది. అలా కాక కంప్యూటరుతో ఛాయలు దిద్దిన బొమ్మలు ఇచ్చారు. వాటిలో పెట్టె ఒక ఛాయలోను, చక్రాలు మరో ఛాయలోను ఉన్నాయి, పైన ఏ అలంకరణా లేదు. దాంతో ఆ ఛాయల తేడా, ఆ అలంకరణ లేమి కూడా డిజైన్‌లో భాగాలే అయ్యాయి. పోటీదారు పెట్టె మీద జంతువు ముఖాన్ని తలపించే అలంకరణ ఉండడంతో మొత్తం మీద కలిగే ముద్ర వేరని తేల్చారు. అసలు ఆలోచన తెలివైనదని కోర్టే మెచ్చుకుంది, అయినా గెలవలేదు. మీరు రంగు ఫొటోలు ఇచ్చారా, గీతలు ఇచ్చారా?

వెలుగుబల్ల:
సీసాలు, సూట్‌కేసుల చరిత్ర నాకు ఇప్పుడు అవసరం లేదండీ. ఫారంలో ఏ గడి నొక్కాలో అడిగాను. దేశం భారతదేశమే, అది చెప్పవలసిన విషయం అనుకోలేదు. రిజిస్ట్రేషన్ 11వ తరగతిలో వచ్చింది, అది దీపాల తరగతే అని మాకు చెప్పారు. బొమ్మలేమీ అడిగినట్లు గుర్తు లేదు, మా లోగో మాత్రం తీసుకున్నారు.

మితభాషి:
అది ట్రేడ్‌మార్క్. దీపానికి కాదు, లోగోకు.

పాత ఫైలు:
మితభాషి గారు చెప్పింది నిజం, కొంచెం వివరిస్తాను. సరుకుల తరగతులకు రెండు వేర్వేరు అంతర్జాతీయ పట్టికలు ఉన్నాయి. ట్రేడ్‌మార్క్‌లకు వాడే నీస్ పట్టికలో దీపాలు 11వ తరగతిలో వస్తాయి. డిజైన్‌లకు వాడే లొకార్నో పట్టికలో దీపాలూ షేడ్‌లూ 26వ తరగతిలో, 05 ఉపతరగతిలో ఉంటాయి. ఆ పట్టికలో 11 అంటే నగలు, అలంకరణ వస్తువులు. వేదిక వారు మీ నంబరును డిజైన్ రిజిస్టరులో వెతికి ఉంటారు, అక్కడ అది దొరకదు. మీ దగ్గరున్న పత్రం మీ పేరును, లోగోను ఇతరులు వాడకుండా ఆపగలదు. అవతలివారు మీ పేరు వాడకుండా ఆకారం మాత్రమే తీసుకున్నారు కనుక ఈ పత్రంతో ఈ ఫిర్యాదు నిలబడదు. ఇప్పుడు అసలు ప్రశ్న: ఈ ల్యాంపు మొదటిసారి బయట ఎప్పుడు కనిపించింది?

నామముద్ర:
నేను మొదట చెప్పిన డిజైన్ పేటెంట్ వీరు ఇంకా తీసుకోలేదన్నమాట. వెంటనే దరఖాస్తు చేయండి.

మితభాషి:
భారతదేశంలో డిజైన్ పేటెంట్ అనేది లేదు. డిజైన్ రిజిస్ట్రేషన్ ఉంది.

నామముద్ర:
వాడుకలో అందరూ అలాగే అంటారు. పైగా ఇక్కడ కూడా ఆ దరఖాస్తులను చూసేది పేటెంట్ కార్యాలయమే కదా.

మితభాషి:
చట్టం వేరు, హక్కు వేరు, కాలం వేరు. అడిగిన మనిషి పేటెంట్ గడి నొక్కి తిరస్కరణ తెచ్చుకున్నది ఈ వాడుక వల్లే.

పాత ఫైలు:
ఇద్దరూ చెప్పినది వారి వారి దేశాల లెక్కన సరైనదే. అమెరికాలో వస్తువు రూపానికి ఇచ్చే హక్కునే డిజైన్ పేటెంట్ అంటారు. 2015 మే 13 తరువాత వేసిన దరఖాస్తులకు అది మంజూరైన నాటి నుంచి 15 ఏళ్లు ఉంటుంది. భారతదేశంలో 2000 నాటి డిజైన్‌ల చట్టం కింద మొదట 10 ఏళ్లు, గడువు తీరకముందే అడిగితే మరో 5 ఏళ్లు. ఐరోపా సమాఖ్యలో అయిదేసి ఏళ్ల చొప్పున 25 ఏళ్ల దాకా పొడిగించుకోవచ్చు. ఫారంలో ‘పేటెంట్’ అన్న గడి ఆవిష్కరణలకు ఉద్దేశించినది. మీ దీపం మెడ కొత్త తరహా కీలుతో తిరుగుతుంటే ఆ కీలుకు పేటెంట్ అడగవచ్చు గాని, మెడ వంపు అందానికి కాదు. తేదీ సంగతి ఇంకా చెప్పలేదు.

వెలుగుబల్ల:
మా వెబ్‌సైటులో ఫొటోలు పెట్టి, అమ్మకాలు మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. దానికీ దీనికీ సంబంధం ఏమిటి? మేమే ముందు చేశామనడానికి అవి సాక్ష్యాలే కదా?

పాత ఫైలు:
మీరే ముందు చేశారనడానికి సాక్ష్యమే. కానీ భారతదేశంలో దరఖాస్తు వేయబోతే ఆ సాక్ష్యం మీకే అడ్డు తగులుతుంది. చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, దరఖాస్తు తేదీకి ముందు ఈ దేశంలో గాని మరే దేశంలో గాని ప్రచురణ ద్వారానో వాడకం ద్వారానో మరో విధంగానో ప్రజలకు వెల్లడైన డిజైన్‌ను నమోదు చేయరు. వెల్లడించింది డిజైన్ యజమానే అయినా మినహాయింపు లేదు. రహస్యంగా ఉంచుతామన్న నమ్మకం మీద ఒకరికి చూపించడం వేరు. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలో, ముందుగా పేటెంట్ కార్యాలయ అధిపతి అయిన కంట్రోలరుకు తెలియజేసి చూపించి, ఆరు నెలల లోపు దరఖాస్తు వేయడం వేరు. వెబ్‌సైటులో పెట్టి అమ్మడం ఈ రెండింటిలోకీ రాదు. పొరపాటున రిజిస్ట్రేషన్ వచ్చినా, మీరు దావా వేసిన రోజున అవతలివారు మీ వెబ్‌సైటు ఫొటోనే కోర్టు ముందు పెట్టి ఇది కొత్తది కాదంటారు. రిజిస్ట్రేషన్‌ను రద్దు చేయదగిన కారణాలన్నింటినీ ప్రతివాది తన రక్షణగా వాడుకోవచ్చని 22వ సెక్షన్ చెబుతోంది.

మిగతా ప్రపంచం మొత్తం ఇంత కఠినంగా లేదు. అమెరికాలోను, ఐరోపా సమాఖ్యలోను రూపకర్త తానే వెల్లడించిన తరువాత కూడా ఏడాది లోపు దరఖాస్తు వేసుకునే వెసులుబాటు ఉంది. ఏడాది కావస్తోంది అన్నారు కనుక అక్కడ అమ్మే ఉద్దేశం ఉంటే రేపే ఒక న్యాయవాదిని కలవండి. మొదటి ఫొటో ఏ తేదీన పెట్టారో రుజువుతో సహా తీసుకెళ్లండి. ఐరోపా సమాఖ్యలో నమోదు లేకుండానే, అక్కడి ప్రజలకు వెల్లడైన నాటి నుంచి మూడేళ్ల రక్షణ కూడా ఉంది. అయితే అది నకలు చేసినవారి మీదనే పనిచేస్తుంది, స్వతంత్రంగా అదే ఆకారానికి వచ్చినవారి మీద పనిచేయదు.

కళాహక్కు:
ఇంత చర్చలో కాపీరైట్ ఊసే ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. పైగా ప్రశ్న టేబుల్ ల్యాంపు గురించి! నాట్యం చేసే మనుషుల బొమ్మలను ల్యాంపుల పీఠాలుగా వాడినంత మాత్రాన వాటి మీద కాపీరైట్ పోదని అమెరికా సుప్రీంకోర్టు 1954లో, మేజర్ వర్సెస్ స్టీన్ కేసులో తేల్చింది. కాపీరైట్‌కు నమోదు తప్పనిసరి కాదు, వెల్లడి తేదీతో పేచీ లేదు. ఫారంలో ఆ గడి నొక్కండి.

పాత ఫైలు:
ఆ కేసులో కాపీరైట్ ఉన్నది బొమ్మకు. పీఠం తీసేసినా ఆ బొమ్మ ఒక శిల్పమే. ఈ దీపంలో షేడ్‌నూ మెడనూ విడదీస్తే మిగిలేది శిల్పం కాదు. పైగా భారత కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ఈ తలుపు మూసేస్తుంది: డిజైన్‌గా నమోదు చేయదగి ఉండి కూడా నమోదు చేయని రూపాన్ని యజమాని పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి తయారు చేస్తే ఆ డిజైన్‌లో కాపీరైట్ అంతటితో ముగుస్తుంది. ఏడాదిగా అమ్ముతున్నారంటే ఆ సంఖ్య దాటే ఉంటారు. ఏది కళాకృతి, ఏది డిజైన్ అన్న గీత ఎక్కడ గీయాలో క్రయోగ్యాస్ వర్సెస్ ఐనాక్స్ కేసులో మన సుప్రీంకోర్టు 2025లో వివరించింది. అక్కడా వస్తువు ప్రధాన ప్రయోజనం ఏమిటన్నది చూడాలనే చెప్పింది. ఒక్క సంగతి మాత్రం కళాహక్కు గారి వైపు ఉంది. మీ వస్తువు ఫొటోలనే అవతలివారు తమ పేజీలో వాడుకుని ఉంటే, ఆ ఫొటోల మీద కాపీరైట్ ఫిర్యాదు చక్కగా నిలబడుతుంది.

గీతలూ కొలతలూ:
నా ప్రశ్నకు జవాబు రాలేదు గాని, మరో మాట చెప్పాలి. ‘వేడి పోవడానికి పెట్టిన ఏడు చీలికలు’ అని మొదటి పోస్టులో మీరే రాశారు. ఇలాంటి వాక్యాన్ని వెబ్‌సైటులోనూ రాసి ఉంటే అవతలి న్యాయవాది దాన్నే పట్టుకుంటారు. కంటికి మాత్రమే ఆనే రూపం డిజైన్ అవుతుంది గాని, కేవలం పని కోసం ఏర్పడ్డ రూపం కాదు. వేరే ఆకారంలోనూ అదే పని చేయించవచ్చు కదా అన్న వాదన ఒక్కటే చాలదని ఐరోపా న్యాయస్థానం 2018లో డోసెరామ్ కేసులో చెప్పింది. ఆ రూపాన్ని నిర్ణయించింది సాంకేతిక అవసరం ఒక్కటేనా, లేక కనిపించే తీరు గురించి కూడా ఆలోచించారా అన్నదే ప్రశ్న. చీలికలు ఏడే ఎందుకు, మధ్యది మిగతావాటికన్నా పొడవుగా ఎందుకు ఉండాలనుకున్నారు, చివరలు గుండ్రంగా ఎందుకు తిప్పారు అన్నవి మీ చిత్తు బొమ్మల్లో తేదీలతో ఉంటే భద్రపరచండి. కొత్త నమూనాకు దరఖాస్తు వేసేటప్పుడు స్విచ్, తీగ లాంటి అప్రధాన భాగాలను, అవి హక్కులోకి రావని సూచించే చుక్కల గీతలతో చూపించడానికి ఆ దేశపు నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో కనుక్కోండి; ఒప్పుకుంటే వాటిని మార్చి తప్పించుకునే వీలు పోటీదారుకు తగ్గుతుంది.

వెలుగుబల్ల:
మధ్యది పొడవుగా ఉందని మీకెలా తెలిసింది? సరే, వెబ్‌సైటు చూసినట్లున్నారు. అయితే ఇక్కడ మాకు ఏ దారీ లేదా? కనీసం ఒక లాయరు నోటీసయినా పంపి భయపెట్టవచ్చా?

మితభాషి:
లేని హక్కు పేరుతో నోటీసు పంపకండి. ఆధారం లేని బెదిరింపుల మీద ఎదుటివారే కోర్టుకు వెళ్లవచ్చు. డిజైన్‌ల చట్టం 23వ సెక్షన్ చూడండి.

నామముద్ర:
దారి ఉంది, నేను మొదటి నుంచీ చెబుతున్నదీ అదే. నమోదు లేకపోయినా పాసింగ్ ఆఫ్ దావా వేయవచ్చు: అవతలివారు తమ సరుకును మీ సరుకుగా చలామణీ చేస్తున్నారన్నది అందులో ఫిర్యాదు. ఆ ఆకారానికి కొనేవారిలో మంచిపేరు ఉందని, నకలు వల్ల వారు మోసపోతున్నారని, మీకు నష్టం జరుగుతోందని చూపించాలి. కొన్నవారు మీది అనుకుని పొరపాటున అవతలి ల్యాంపు కొని మీకు ఫిర్యాదు చేసిన మెయిళ్లు ఉంటే ఒక్కటీ తీసేయకండి. డిజైన్ ఉల్లంఘన, పాసింగ్ ఆఫ్ రెండూ ఒకే దావాలో కలిపి అడగవచ్చని ఢిల్లీ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కార్ల్స్‌బర్గ్ కేసులో 2018లో అన్నది కూడా.

పాత ఫైలు:
కలిపి అడగడానికి వీరికి డిజైన్ హక్కు లేదు కదండీ. పాసింగ్ ఆఫ్ ఒక్కటే మిగులుతుంది, ఏడాది వయసున్న వస్తువుకు ఆకారం వల్లనే పేరు వచ్చిందని నిరూపించడం తేలిక కాదు. నేనైతే ముందు ఫొటోల ఫిర్యాదు పెడతాను. తరువాత వచ్చే నమూనా రూపం నిజంగా కొత్తదయితే, ఎవరికీ చూపకముందే దరఖాస్తు వేస్తాను. ఆ తేదీ నుంచి ఆరు నెలల లోపు, పేటెంట్, డిజైన్ లాంటి హక్కుల గురించిన పారిస్ ఒప్పందంలోని ఇతర దేశాల్లో వేసినా మొదటి తేదీయే వర్తిస్తుంది.

కళాహక్కు:
బొమ్మకూ షేడ్‌కూ మధ్య మీరు గీసిన గీత అంత స్పష్టమైనది కాదు. మడత సైకిల్ ఆకారం పనికి అవసరమైనదే అయినా, అందులో సృజన ఉంటే కాపీరైట్ ఉండవచ్చని ఐరోపా న్యాయస్థానమే 2020లో బ్రాంప్టన్ కేసులో చెప్పింది.

మితభాషి:
అడిగింది భారతదేశం గురించి.

వెలుగుబల్ల:
వాళ్ల పేజీలో మూడో ఫొటో మాదే, నీడతో సహా. కాపీరైట్ గడి నొక్కి పంపాను, ఫిర్యాదు స్వీకరించినట్లు వచ్చింది. అందరికీ ధన్యవాదాలు.

గీతలూ కొలతలూ:
కొత్త నమూనా బొమ్మలు రంగువా, గీతలవా?