షెక్మన్ ప్రకటన: నిజాయితీయా, ఏరు దాటాక తెప్ప తగలేయడమా?

సుజాత_బెంచ్ · శనివారం రాత్రి 9:10

మొన్న మా జర్నల్ క్లబ్‌లో 1979 నాటి నోవిక్, షెక్మన్ల పేపర్ చదివాం. ఈస్ట్ కణం తను తయారుచేసిన ప్రోటీన్‌ని బయటికి ఎలా పంపుతుందో తెలుసుకోవడానికి దారి చూపిన సెక్1 మ్యూటెంట్ (ఒక జన్యువు మారిన ఈస్ట్) అందులోదే. 37 డిగ్రీలకు తీసుకెళ్లగానే రవాణా ఆగిపోయి, కణం లోపలంతా చిన్న చిన్న సంచులు పేరుకుపోతాయి. ఆ మైక్రోస్కోప్ ఫోటో చూస్తే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

తర్వాత మాట షెక్మన్ 2013 ప్రకటన మీదికి పోయింది. తెలియనివాళ్ల కోసం: నోబెల్ అందుకునే ముందురోజు, డిసెంబర్ 9న, రాండీ షెక్మన్ గార్డియన్ పత్రికలో వ్యాసం రాసి ఇకపై తన ల్యాబ్ నేచర్, సెల్, సైన్స్‌లకు పేపర్లు పంపదన్నారు. ఆ జర్నళ్లు బ్రాండ్ విలువ పెంచుకోవడం కోసం పేపర్ల సంఖ్యను కావాలని తక్కువగా ఉంచుతున్నాయని, సైన్స్ దారి తప్పుతోందని ఆయన వాదన. తన పేపర్లూ వాటిలో వచ్చాయని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నారు.

నాకిది ఊరికే వచ్చిన సందేహం కాదు. నాకు పీహెచ్‌డీలో అయిదో ఏడు, ఫెలోషిప్ ఏప్రిల్‌తో అయిపోతుంది. పేపర్ సిద్ధంగా ఉంది. పెద్ద జర్నల్‌కి సరిపడేలా ఇంకో ఎలుకల ప్రయోగం చేద్దామని గైడ్ అంటున్నారు. షెక్మన్ చేసింది సరైనదేనంటారా?

రవి_ఫ్లో · 9:25

ఏరు దాటి తెప్ప తగలేయడమే.

ఈస్ట్_మాస్టారు · 10:02

రవీ, ఆయన సెల్‌లో పేపర్ వేసింది 1980లో. ఈ రవాణాకి కావలసిన 23 జన్యువులను గుర్తించిన పేపర్ అది. సెల్ జర్నల్ మొదలైంది 1974లో. అంటే అప్పటికి దానికి ఆరేళ్లు. అలాంటి పేపర్లు వచ్చాకే ఆ జర్నల్‌కి ఇంత పేరు వచ్చింది గానీ, జర్నల్ పేరు చూసి ఆ పేపర్ గొప్పదని ఎవరూ అనుకోలేదు. ఆ ప్రయోగం చూడండి. రవాణా ఆగిన కణాలు బరువెక్కుతాయని గమనించి, సాంద్రతను బట్టి వాటిని మిగతా కణాల నుంచి వేరుచేశారు. అంతే. అంత తేలికైన ఆలోచన. దానికి ఏ జర్నల్ పేరూ అక్కర్లేదు.

జర్నల్ పేరుకి కొలతగా చూపే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఏమిటి? ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడు వచ్చిన సైటేషన్లను (వేరే పేపర్లు వాటిని ఉదహరించడాన్ని) ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. అది జర్నల్‌కి సంబంధించిన లెక్క. అందులో కొద్దిపాటి పేపర్లే ఎక్కువ సైటేషన్లు తెచ్చిపెడతాయి, మిగతావి వాటి నీడలో ఉంటాయి. క్లాసు సగటు మార్కులు చూసి ఒక పిల్లకి ర్యాంకు ఇస్తామా?

జపాన్ శాస్త్రవేత్త ఓసుమీ సంగతి చూడండి. ఆటోఫజీ (కణం తన భాగాలను తనే అరిగించుకోవడం) జన్యువులు 15 దొరికాయని ఆయన 1993లో రాసింది ఫెబ్స్ లెటర్స్‌లో. దాన్ని పెద్ద జర్నల్ అని ఎవరూ అనరు. 2016లో నోబెల్ ఆయన ఒక్కరికే వచ్చింది. ఇక ఎంఆర్ఎన్ఏ టీకాలకు బాట వేసిన కారికో. ఆమెకూ, ఆమె సహచరుడు వైస్‌మన్‌కీ నోబెల్ తెచ్చిన 2005 నాటి ఎంఆర్ఎన్ఏ పేపర్‌ని నేచర్ వద్దంది, ఇమ్యూనిటీ అనే జర్నల్ వేసుకుంది. అంతకు పదేళ్ల ముందే ఆమె యూనివర్సిటీ ఆమె హోదా తగ్గించింది. నోబెల్ వచ్చేదాకా 2023 వరకూ ఆగాలి.

పల్నాడు_స్కాలర్ · 10:40

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ ఎప్పుడూ నోబెల్ వచ్చినవాళ్ల కథలే ఎందుకు చెబుతారు? ఫెబ్స్ లెటర్స్‌లో వేసి ఎవరూ పట్టించుకోక వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో లెక్కుందా?

షెక్మన్ స్టాన్‌ఫర్డ్‌లో ఆర్థర్ కోర్న్‌బర్గ్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. కోర్న్‌బర్గ్ నోబెల్ గ్రహీత. ఓసుమీ రాక్‌ఫెలర్‌లో ఎడెల్మన్ దగ్గర పనిచేశారు. ఆయనా నోబెల్ గ్రహీతే. వాళ్లకు జర్నల్ పేరు లేకపోయినా గురువు పేరుంది. మా యూనివర్సిటీలో మా గైడ్ పేరు జిల్లా దాటితే ఎవరికీ తెలియదు. నాకు ఉన్నది పేపర్ పక్కనున్న ఆ అంకె ఒక్కటే.

ఇంకోటి. ఆ వ్యాసం రాసే నాటికి షెక్మన్ ఈలైఫ్ అనే పోటీ జర్నల్‌కి ఎడిటర్. దాని గురించి ఒక్క మాటైనా అనరేం?

ఈస్ట్_మాస్టారు · 11:05

ఎడిటర్ అన్న సంగతి ఆయన దాచలేదు, ఆ వ్యాసంలోనే ఉంది. ఈలైఫ్‌కి డబ్బు పెట్టింది హోవర్డ్ హ్యూస్, వెల్‌కమ్ ట్రస్ట్, మాక్స్ ప్లాంక్ అనే పరిశోధన సంస్థలు. అది ఆయన సొంత దుకాణం కాదు.

అసలు ప్రభావం అంటే సైటేషన్లేనా? ఈస్ట్ రవాణా అర్థమయ్యాక దాంతో మందులు తయారుచేయడం ఎంత ముందుకు పోయిందో చూడండి. నోవో నార్డిస్క్ ఇన్సులిన్ ఈస్ట్‌లోనే తయారవుతుంది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్ 1997లో తెచ్చిన హెపటైటిస్ బి టీకా కూడా ఈస్ట్‌లోదే. పేదవాడికి అందే ధరకు వచ్చింది. దానికి ఏ హెచ్ ఇండెక్స్ (సైటేషన్లు లెక్కేసి మనిషికిచ్చే అంకె) ఇస్తారు?

కమల_ఎం · 11:20

మాస్టారూ, ఇన్సులిన్ సరే, అది నిజంగానే ఈస్ట్ నుంచి బయటికి స్రవిస్తుంది. హెపటైటిస్ బి యాంటిజెన్, అంటే ఆ టీకాలో వాడే ప్రోటీన్, అలా కాదు. అది కణం లోపలే ఉండిపోతుంది. కణాలను పగలగొట్టి తీయాలి. సెక్ జన్యువుల పనికీ ఆ టీకాకూ నేరుగా సంబంధం లేదు.

ఈస్ట్_మాస్టారు · 11:31

నేను ఈస్ట్ అన్నాను, స్రావం అనలేదు.

కమల_ఎం · 11:38

"ఈస్ట్ రవాణా అర్థమయ్యాక" అన్నారు. ఆ వెంటనే టీకా పేరు చెప్పారు. నేను పన్నెండేళ్లుగా ప్రోటీన్ ప్యూరిఫికేషన్‌లోనే ఉన్నాను. కణాలు పగలగొట్టడం ఎంత తలనొప్పో, ప్రోటీన్ దానంతటది బయటికి వచ్చేస్తే ఎంత సుఖమో నాకు తెలుసు. రెండూ ఒకే గాటన కట్టకండి.

ఈస్ట్_మాస్టారు · 11:52

సరే, టీకా ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నాను. ఇన్సులిన్ ఉదాహరణ నిలబడుతుంది.

కమల_ఎం · 11:55

నిలబడుతుంది. సైటేషన్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. అత్యధికంగా సైట్ అయిన పేపర్లలో మొదటిది లోరీ 1951 నాటి ప్రోటీన్ కొలత పద్ధతి. మూడు లక్షలకు పైగా సైటేషన్లు. లోరీ జీవశాస్త్రాన్ని తలకిందులు చేశాడని ఎవరూ అనరు. వందలాది ల్యాబుల్లో రోజూ పనికొచ్చింది, అంతే. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి 1925లో రాసిన భాస్వరం కొలత పద్ధతి కూడా ఈ కోవలోదే.

పల్నాడు_స్కాలర్ · ఆదివారం ఉదయం 7:15

సుబ్బారావుగారి పేరు మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆ పద్ధతి ప్రపంచమంతా వాడుతున్నా హార్వర్డ్ ఆయనకు పర్మనెంట్ పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. ఎందుకు ఇవ్వలేదు? పని తక్కువై కాదు. కూర్చున్నవాళ్లకు ఆయన సొంతమనిషిగా కనబడలేదు. పేపర్ చదివి, మనిషిని చూసి నిర్ణయిస్తామనే కాలంలో జరిగిందే అది.

మాస్టారూ, సూటిగా అడుగుతాను. మీరు ఎన్ని సెలక్షన్ కమిటీల్లో కూర్చున్నారు?

ఈస్ట్_మాస్టారు · 8:30

పదకొండు.

పల్నాడు_స్కాలర్ · 8:41

ఒక ఇంటర్వ్యూకి నేను రాత్రంతా రైల్లో జనరల్ బోగీలో నిలబడి వెళ్లాను. మొదటి ప్రశ్న: "మీ గైడ్ ఎవరు?" చెప్పాను. ఒకాయన పక్కాయన వైపు చూశాడు. రెండో ప్రశ్న: "ఆయన ఎక్కడ పోస్ట్‌డాక్ చేశారు?" నా పని గురించి ఒక్క ప్రశ్న లేదు. నాలుగు నిమిషాల్లో బయటికి వచ్చేశాను. రెండేళ్ల తర్వాత ఇంకో చోట పాయింట్ల పద్ధతి పెట్టారు. పేపర్‌కి ఇన్ని, ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కి ఇన్ని. లెక్కలో మూడోవాణ్ణి నేను. నన్ను పిలవకుండా ఉండలేకపోయారు. ఆ అంకెను మీరు దండగ అంటుంటే నా ఒళ్లు మండిపోతోంది. మీలాంటివాళ్లకు దండగే. మీకు ఫోన్ చేసేవాళ్లున్నారు.

ఈస్ట్_మాస్టారు · 9:20

ఆ పాయింట్ల పిచ్చి ఏం చేసిందో కూడా రాయండి. 2010లో యూజీసీ ఏపీఐ స్కోరు (టీచర్ల పేపర్లకీ పనికీ పాయింట్ల లెక్క) పెట్టాక డబ్బు కడితే వారంలో వేసే జర్నళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిని ఆపడానికి కేర్ అని నమ్మదగిన జర్నళ్ల జాబితా తెచ్చారు, 2025 ఫిబ్రవరిలో అదీ తీసేశారు. అంకె పేదవాడికి నిచ్చెన అంటున్నారు. కొనుక్కోగలిగినవాడే ఆ నిచ్చెన ముందు ఎక్కాడు. మీ నాలుగు నిమిషాలకు నేను బాధ్యుణ్ణా?

పల్నాడు_స్కాలర్ · 9:26

మీరు కాదు. మీ కుర్చీ.

రవి_ఫ్లో · 9:30

ఇద్దరూ కాస్త తగ్గండి.

ఈస్ట్_మాస్టారు · 10:48

గంట ఆలోచించి రాస్తున్నాను.

నా దగ్గర ఒక అమ్మాయి పీహెచ్‌డీ చేసింది. కణంలో ప్రోటీన్లను సర్ది పంపే గోల్జీ మీద మంచి పని. మంచి పేపర్, మధ్యస్థాయి జర్నల్‌కి వెంటనే పంపొచ్చు. ఇంకో ప్రయోగం, ఇంకో ప్రయోగం అంటూ రెండున్నరేళ్లు ఆపారు. పెద్ద జర్నల్ రెండుసార్లు తిప్పిపంపింది. ఈలోగా యూరప్‌లో ఒక ల్యాబ్ అదే ఫలితం వేసేసింది. ఆ అమ్మాయి ఫెలోషిప్ లేకుండా పద్నాలుగు నెలలు ఉంది. ఇంట్లో నగ తాకట్టు పెట్టారని తర్వాత తెలిసింది. ఇప్పుడు సైన్స్‌లో లేదు.

ఆ పేపర్ ఆపింది నేనే. నా ప్రమోషన్ ఫైల్‌లో ఒక పెద్ద జర్నల్ కావాలి. అందుకే షెక్మన్ మాట నాకు అంత గట్టిగా తగిలింది. ఆయన ఏరు దాటాక చెప్పారా ముందు చెప్పారా అన్నది నాకు ముఖ్యం కాదు. నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది.

పల్నాడు_స్కాలర్ · 11:15

మాస్టారూ, కుర్చీ అన్నందుకు క్షమించండి.

అయితే మనం నిన్నటి నుంచీ పోట్లాడింది షెక్మన్ గురించి కాదు. అంకె మీ చేతిలో ఉన్నప్పుడు ఒక పిల్లను నలిపింది. అంకె నా చేతిలో ఉన్నప్పుడు నన్ను గది లోపలికి పంపించింది. రెండూ నిజమే. తీసేయండి, నేను వద్దనను. కానీ దాని స్థానంలో ఏం పెడతారు? 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కణజీవశాస్త్రవేత్తల సమావేశంలో కలిసిన జర్నల్ ఎడిటర్లు, ప్రచురణకర్తలు డోరా ప్రకటన రాశారు. జర్నల్ అంకెతో మనిషిని కొలవొద్దు, పనిని చూడండి అన్నారు. బాగుంది. రెండువందల అప్లికేషన్లు వస్తే ఎవరు చదువుతారు? చదవలేనప్పుడు తెలిసిన గైడ్ పేరే కదా ముందు చూసేది?

సుజాత_బెంచ్ · 11:40

అందరికీ ధన్యవాదాలు. కానీ నేను అడిగింది ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్‌లోపు నేను ఏం చేయాలి?

కమల_ఎం · 11:52

అమ్మా, ముందు బయోఆర్కైవ్ సైట్‌లో ప్రిప్రింట్ (జర్నల్‌లో రాకముందే అందరికీ కనబడేలా పేపర్) పెట్టమని గైడ్‌ని అడుగు. ఎవరు ముందు చేశారన్న తేదీ పడిపోతుంది. మొదటి పేరు నీదని మెయిల్‌లో రాయించుకో. ఎలుకల ప్రయోగం రివిజన్‌లో చేయొచ్చు. 2022 నవంబర్ నుంచి థీసిస్‌కి పేపర్ తప్పనిసరి అని యూజీసీ అనడం లేదు. మీ యూనివర్సిటీ సొంత నిబంధన ఏముందో ఆఫీసులో కనుక్కో.

పల్నాడు_స్కాలర్ · 11:58

ఉద్యోగం నోటిఫికేషన్‌లో ప్రిప్రింట్ లెక్కలోకి వస్తుందో లేదో కూడా చూసుకో. చాలాచోట్ల రాదు. అందుకని ప్రిప్రింట్ పెట్టిన వారంలోనే ఏదో ఒక జర్నల్‌కి పంపించెయ్యమను.

సుజాత_బెంచ్ · మధ్యాహ్నం 12:06

సోమవారం అడుగుతాను. భయంగానే ఉంది.

పల్నాడు_స్కాలర్ · 12:20

మాస్టారూ, నా ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆ పదకొండు కమిటీల్లో అంకెలు పక్కన పెట్టి, పేపర్లు చదివి ఎంచుకున్నది ఎన్నిసార్లు?

ఈస్ట్_మాస్టారు · 1:35

ఒక్కసారి. ఆ ఏడు ఎనిమిది అప్లికేషన్లే వచ్చాయి కాబట్టి చదవగలిగాం.

పల్నాడు_స్కాలర్ · 1:41

ఆ ఎనిమిది మందిలో మాలాంటి యూనివర్సిటీల నుంచి ఎవరైనా ఉన్నారా?

ఈస్ట్_మాస్టారు · 1:50

ఇద్దరు. అందులో ఒకరిని తీసుకున్నాం.