వరదలో పుస్తకాలు పోయిన పిల్లలకి ఇంగ్లిష్ ఎలా చెప్పాలి?

ప్రశ్న (విజయవాడ):
సింగ్ నగర్ వైపు గవర్నమెంట్ హైస్కూల్లో ఏడో తరగతికి ఇంగ్లిష్ చెప్తాను. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి ఇళ్లలోకి వచ్చింది కదా, చాలామంది పుస్తకాలు బురద ముద్దలయ్యాయి. అసలే ఇంగ్లిష్‌లో మాట్లాడటానికి జంకే పిల్లలు, ఇప్పుడు నోరే విప్పట్లేదు. చినుకు పడితే చాలు, కిటికీ వైపే చూపు. సిలబస్ టెన్షన్ ఒకటి. పాఠం లాగించేయనా, కొన్నాళ్లు ఆపనా?

జవాబు (గుంటూరు, రిటైర్డ్ హెచ్చెం):
పాఠం ఆపకండమ్మా, స్లిప్ టెస్టులు ఆపండి. సైన్స్, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. ముందు తెలుగు చదివించి, తర్వాత అవే సంగతులు ఇంగ్లిష్ పేజీలో వెతికించండి. విషయం ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. పీడీఎఫ్‌లు దొరుకుతాయి, కావాల్సిన పేజీలు జిరాక్స్ తీయించండి.

జవాబు (కృష్ణలంక):
వరద మీద వ్యాసం మాత్రం రాయించకండి మేడమ్. ఇల్లు మునిగినవాడిని అదే రాయమనడం నాకు నచ్చదు. చెప్పాలనుకున్నవాళ్లని తెలుగులోనే చెప్పనివ్వండి. మీరు దాన్ని చిన్న ఇంగ్లిష్ వాక్యంగా బోర్డు మీద రాయండి: 'ది వాటర్ కేమ్ ఎట్ నైట్'. ఆ పూటకి అదే పాఠం. మాట్లాడనివాళ్లని బొమ్మ గీసి కింద ఒక్క మాట రాయమనండి. తప్పులు దిద్దడం తర్వాత చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. స్లిప్ టెస్టులు ఆపడానికి మా హెచ్చెంగారిని ఒప్పించాలి, అదే అసలు పరీక్ష! సత్యనారాయణపురంలో జిరాక్స్ తక్కువకి తీసేవాళ్లెవరైనా ఉన్నారా?