"ఉత్కంఠయా" తరవాతి "కంఠ"కి విసర్గ ఉందా?

వసుంధర: కాళిదాసు శాకుంతలంలో, శకుంతలని అత్తవారింటికి పంపుతూ కణ్వుడు చెప్పే శ్లోకంలో ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. "యాస్యత్యద్య శకుంతలేతి హృదయం సంస్పృష్టముత్కంఠయా" వరకు అనుమానం లేదు. తరవాత "బాష్పవృత్తికలుషః" ముందున్నది "కంఠస్తంభిత"నా, "కంఠః స్తంభిత"నా? ఇంకోటి కూడా. ఆ తండ్రి ఉత్కంఠకీ, హిచ్‌కాక్ సినిమా "వెర్టిగో" (1958) గురించి రాస్తూ మనం వాడే ఉత్కంఠకీ చుట్టరికమేమిటి?

సూర్యం: విసర్గ ఉండాల్సిందేనండీ. సమాసం చేస్తే "కలుషః" అన్నదానికి విశేష్యం మిగలదు. పూడుకుపోయింది గొంతే కదా.

రమణ: స్తకారం ముందు విసర్గ వికల్పంగా లోపిస్తుంది సూర్యంగారూ. అంచేత "కంఠస్తంభిత" అన్న అచ్చు తప్పు కాదు, దాన్ని సమాసమనుకోవడమే తప్పు. శార్దూలవృత్తం పాదం మొదట రావాల్సిన మగణం (మూడు గురువులు) రెండు విధాలా నిలుస్తుంది గనక ఛందస్సు ఏమీ తేల్చదు. ఇక అర్థమంటారా, అమరకోశం "ఉత్కంఠోత్కలికే సమే" అంటోంది. బెంగ, తలపోత. విరహోత్కంఠిత మెడ నిక్కించి చూసేది ప్రియుడి కోసం, ప్రమాదం కోసం కాదు. సస్పెన్స్ అన్న అర్థం తరవాత వచ్చి చేరింది.

నాగమణి: చేరితే చేరింది, చోటు ముందే ఉంది. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రుఫోతో మాట్లాడుతూ హిచ్‌కాక్ చెప్పిన బల్లకింద బాంబు తెలిసిందే. చెప్పకుండా పేలిస్తే 15 సెకన్ల ఉలికిపాటు, ముందే చూపిస్తే 15 నిమిషాల సస్పెన్స్. తిక్కన విరాటపర్వం ద్వితీయాశ్వాసం తీసి చూడండి. నర్తనశాల చీకట్లో ఉన్నది భీముడని మనకి తెలుసు, కీచకుడికి తెలియదు. వాడిది అమరం చెప్పిన ఉత్కంఠ, మనది పత్రికల ఉత్కంఠ. రెండూ ఒకే గదిలో!

సూర్యం: తిక్కన పేరెత్తారు కాబట్టి ఒక మాట. భీముడి ఏర్పాటు మనకి ముందే చెప్పేశాడు కాబట్టే కీచకుడి ఒక్కో అలంకారం బరువెక్కుతుంది. దాచి ఉంటే అది ఉత్త శృంగార వర్ణన.

నాగమణి: "వెర్టిగో"లో చేసిందీ అదే. చనిపోయిందనుకున్న ప్రియురాలూ, తరవాత కథానాయకుడికి కనిపించిన అమ్మాయీ ఒకరే అన్న గుట్టుని బ్వాలో, నార్సెజాక్‌ల మూలనవల (1954) చివరిదాకా దాచింది. హిచ్‌కాక్ మాత్రం సినిమా మూడింట రెండొంతులు నడిచేసరికి, ఆ అమ్మాయి జూడీ ఉత్తరం రాసి చించేసే సన్నివేశంలో మనకి చెప్పేశాడు. అక్కణ్ణుంచి కథానాయకుడు స్కాటీ ఆమెని జుట్టు ముడి వేసుకొమ్మనడం అతనికి విరహం, మనకి భయం. అన్నట్టు, అంతా చెప్పుకునే గోపురం మెట్ల లోతుని పైనించి చూపించే షాట్‌ని ఆ మెట్లమీద తియ్యలేదు. చిన్న నమూనాని అడ్డంగా పడుకోబెట్టి, కెమెరాని ముందుకి జరుపుతూ లెన్స్‌ని వెనక్కి జూమ్ చేశారు. ఖర్చు 19,000 డాలర్లు. రెండు వేగాలూ కుదరకపోతే వస్తువు పరిమాణం ఫ్రేములో మారిపోయి, లోతు సాగినట్టనిపించే భ్రమ చెడుతుంది.

వసుంధర: గుట్టు బయటపడేది కూడా కంఠం దగ్గరే! జూడీ మెడలో హారం పెడుతూ స్కాటీ అద్దంలో ఆ హారాన్ని గుర్తుపడతాడు.

రమణ: హారం బాగుంది గానీ అది వ్యుత్పత్తి కాదు వసుంధరగారూ. నాకు అసలు బాధ "ఉత్కంఠత". ఉత్కంఠ భావవాచకమే, దానికి మళ్ళీ "త" ఎందుకు?

సూర్యం: "ఉద్గతః కంఠః యస్య" అని బహువ్రీహి చేస్తే విశేషణం అవుతుంది. అప్పుడు "త" చేర్చడంలో దోషమేముంది?

రమణ: అవుతుంది, కానీ "ఉత్కంఠత పెరిగింది" అని రాసేవాళ్ళ మనసులో బహువ్రీహి ఉందంటారా? ఒక్క పూర్వకవి ప్రయోగం చూపించండి, ఒప్పుకుంటాను.

సూర్యం: వెతుకుతాను. అందాకా విసర్గ మాత్రం ఉంచండి వసుంధరగారూ. చదివేటప్పుడు అక్కడ ఊపిరి ఆగాలి.